జాబితానా, బోర్డునా, గాంట్ పటమా? సొంత పనులకు ప్రాజెక్టు సాఫ్ట్‌వేర్ ఎంపిక

పాత ఇంటి మీద పై అంతస్తు వేయించుకుంటున్న రోజుల్లో, స్లాబ్ పోయడానికి ముందురోజు సాయంత్రం సెంట్రింగ్ మీద నిలబడి ట్యాబ్ తెరిస్తే, మర్నాటి తేదీ కింద రెండు పనులు పక్కపక్కనే కనిపించాయి. ఒకటి ‘స్లాబ్ కాంక్రీటు’, రెండోది ‘ఫ్యాన్ బాక్సులు, కరెంటు పైపులు’. రెండింటికీ ఒకే తేదీ, ఒకే రంగు. ఇనుము కట్టిన తరువాత, కాంక్రీటు పడకముందే పైపులు పరిచి తీరాలన్న సంగతి మేస్త్రికి తెలుసు, ఎలక్ట్రీషియన్‌కు తెలుసు, నాకూ తెలుసు. తెలియనిది ఆ యాప్‌కు ఒక్కదానికే. ఎలక్ట్రీషియన్ పదింటికి వస్తానన్నాడు, కాంక్రీటు కలిపే మిల్లరు ఆరింటికే దిగబోతోంది. ఆ రాత్రి లైట్లు కట్టి పైపులు వేయించవలసి వచ్చింది, రెట్టింపు కూలి ఇచ్చుకోవలసి వచ్చింది.

ఆ యాప్‌ను తప్పుపట్టి లాభం లేదు. అది జాబితా రాసుకోవడానికి తయారైనది, ఆ పని చక్కగానే చేసింది. పని స్వభావం చూడకుండా దాన్ని ఎంచుకున్నది నేను. కంప్యూటర్‌లోనూ ట్యాబ్‌లోనూ సొంత పనులు చూసుకోవడానికి ఏ సాఫ్ట్‌వేర్ మేలు అని వెతికేవారు సాధారణంగా ధరతోనో, ఫీచర్ల సంఖ్యతోనో మొదలుపెడతారు. అంతకన్నా ముందు తేల్చుకోవలసిన ప్రశ్న, చేయబోయే పనుల్లో ఒకటి పూర్తయితేనే మరొకటి మొదలయ్యేవి ఎన్ని అన్నది. అటువంటివి పెద్దగా లేకపోతే జాబితా చాలు. ఒకే రకం పని అనేక వస్తువుల మీద దశలవారీగా జరుగుతుంటే, పనులను దశల వరుసల్లో కార్డులుగా చూపే బోర్డు బాగుంటుంది. ఇంటి కట్టుబడిలా ఒకదాని తోక ఒకటి పట్టుకుని నడిచే పనులైతే, వాటి మధ్య లంకె తెలిసిన సాఫ్ట్‌వేర్ కావలసిందే.

నా షరతులు ఇవి: ఇంట్లో విండోస్ కంప్యూటర్, చేతిలో ఆండ్రాయిడ్ ట్యాబ్, పని జరిగేచోట అందీ అందని నెట్, నెలనెలా చందా కట్టే ఉద్దేశం లేకపోవడం. వీటితో ఆపిల్ పరికరాలకే పరిమితమైన థింగ్స్ మొదట్లోనే తప్పుకుంది. ప్రధానంగా ఆపిల్ వాళ్ళ కోసమే తయారైన ఓమ్నీఫోకస్ కూడా అంతే. మ్యాక్, ఐప్యాడ్ రెండూ ఉన్నవారికి థింగ్స్ మంచి బేరమే, ఎందుకంటే చందా లేకుండా ఒకసారి కొంటే సరిపోతుంది. కాకపోతే మ్యాక్‌కు, ఐప్యాడ్‌కు, ఐఫోన్‌కు విడివిడిగా కొనాలి. ఇక పోలికకు మిగిలినవి జాబితా తరహాలో మైక్రోసాఫ్ట్ టుడు, టుడూయిస్ట్. బోర్డు తరహాలో ట్రెల్లో. పట్టికల తరహాలో నోషన్. పనులను తేదీల మీద గీతలుగా చూపే పటం తరహాలో గాంట్‌ప్రాజెక్ట్.

జాబితా యాప్‌ల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. మైక్రోసాఫ్ట్ టుడు పూర్తిగా ఉచితం. విండోస్‌లోనూ ఆండ్రాయిడ్‌లోనూ ఒకేలా నడుస్తుంది, నెట్ లేనప్పుడు టిక్కు పెట్టినా తరువాత తనంతట తానే సర్దుకుంటుంది, ఒక జాబితాను లింకు ద్వారా ఇంట్లోవారికి పంచవచ్చు. టుడూయిస్ట్ ఇంకాస్త పదునైన పరికరం. పని పేరు పక్కనే ‘ప్రతి సోమవారం’ అన్న అర్థం వచ్చేలా ఇంగ్లీషులో టైపు చేస్తే తేదీని అదే పట్టుకుంటుంది; తెలుగులో రాస్తే మాత్రం అది మామూలు అక్షరాలుగానే మిగిలిపోతుంది. పనుల కింద ఉపపనులు, వాటి కింద మళ్ళీ ఉపపనులు చేర్చుకునే వీలుంది కానీ ఉచిత ఖాతాలో ఐదు ప్రాజెక్టులకు మించి పెట్టుకోనివ్వదు. పెళ్ళి పనులకు నేనైతే మైక్రోసాఫ్ట్ టుడునే ఎంచుకుంటాను. ఫంక్షన్ హాలుకు అడ్వాన్సు, పురోహితుడితో మాట, వంటవారికి సరుకుల చీటీ వంటివి ఒకదాని కోసం ఒకటి ఆగేవి తక్కువ. పైగా ఆ జాబితాను చూడవలసిన బాబాయిలకూ మేనత్తలకూ కొత్త సాఫ్ట్‌వేర్ నేర్పే ఓపిక పెళ్ళి ఇంట ఎవరికీ ఉండదు.

ట్రెల్లో 2011లో మొదలైంది, 2017లో అట్లాసియన్ సంస్థ చేతికి వెళ్ళింది. టొయోటా కార్ఖానాల్లో పుట్టిన కాన్‌బాన్ పద్ధతికి ఇది తెరమీది రూపం: నిలువు వరుసలు దశలు, వాటిలోని కార్డులు పనులు, పని ముందుకు సాగినకొద్దీ కార్డును పక్క వరుసలోకి లాగుతాం. ట్యాబ్ మీద వేలితో కార్డు లాగడంలో ఉన్న సుఖం మౌస్‌తో రాదు. ఆ ఒక్క విషయంలో ఇది కంప్యూటర్‌లో కన్నా ట్యాబ్‌లోనే బాగుంటుంది. ఇరవై కథల సంపుటిని అనువదించే మనిషికి అనువాదం, తిరగరాత, ప్రూఫు, అచ్చు అని నాలుగు వరుసలు పెట్టుకుంటే, ప్రూఫుల దగ్గర ఎనిమిది కథలు పేరుకుపోయిన సంగతి చూడగానే కంటికి తగులుతుంది. ఉచిత ఖాతాలో పది బోర్డుల వరకు ఇస్తారు, ఒక మనిషికి అవి ఎక్కువే. ఇంటి పనికి మాత్రం ఇది నప్పదు. స్లాబ్ కార్డు ప్లాస్టరింగ్ వరుసలోకి నడిచి వెళ్ళదు కదా; అక్కడ ఒకే వస్తువు దశలు దాటడం లేదు, వేర్వేరు పనులు ఒకదానికొకటి దారి విడుస్తున్నాయి. కార్డు మీద గడువు తేదీ వేయవచ్చు కానీ ‘ఈ కార్డు పూర్తికానిదే ఆ కార్డు ముట్టుకోవద్దు’ అని చెప్పే ఏర్పాటు ట్రెల్లోలో స్వతహాగా లేదు, బయటి పొడిగింపులు తగిలించుకోవాలి. తేదీల గీతలతో చూపే టైమ్‌లైన్ రూపం కూడా డబ్బు కట్టినవారికే.

గాంట్‌ప్రాజెక్ట్ దగ్గర కాస్త ఆగాలి. అమెరికా ఇంజనీరు హెన్రీ గాంట్ 1910లలో ప్రచారంలోకి తెచ్చిన పటాన్నే ఇది గీస్తుంది: ఎడమవైపు పనుల పేర్లు, కుడివైపు తేదీల మీద పరిచిన గీతలు, ఒక గీత చివరి నుంచి మరో గీత మొదలుకు బాణం. ఓపెన్ సోర్స్ కాబట్టి ఉచితం, విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. చూడటానికి పాతకాలపు కార్యాలయ సాఫ్ట్‌వేర్‌లా ఉంటుందన్నది నిజమే. రెండు రోజుల్లో ఆ సంగతి మరిచిపోతాం.

దాని విలువ వర్షం పడ్డ రోజున తెలుస్తుంది. భారతీయ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం సాధారణ పోర్ట్‌లాండ్ సిమెంటుతో పోసిన కాంక్రీటుకు కనీసం 7 రోజులు, పీపీసీ (పోర్ట్‌లాండ్ పొజోలానా సిమెంటు) వంటి మిశ్రమ సిమెంటైతే కనీసం 10 రోజులు నీళ్ళు పట్టాలి. స్లాబ్‌ను మోసే గోడలు లేదా దూలాల మధ్య దూరం 4.5 మీటర్ల వరకు ఉంటే కింది ఊతాలను 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు కదపకూడదు. ఊతాలు తీస్తేనే కింద గోడలకు గాడులు కొట్టడం, అవి అయితేనే ప్లాస్టరింగ్, అది ఆరితేనే టైల్స్, పుట్టీ, రంగులు, చివర స్విచ్ బోర్డులు. వాన వల్ల స్లాబ్ మూడు రోజులు వెనక్కి జరిగితే, జాబితా యాప్‌లో ఈ తేదీలన్నీ కూర్చుని ఒక్కొక్కటే దిద్దాలి, అందులో ఒకటి మరిచిపోవడం ఖాయం. గాంట్ పటంలో స్లాబ్ గీతను మూడు రోజులు జరిపితే దానికి బాణాలతో ముడిపడినవన్నీ వాటంతటవే జరుగుతాయి, గృహప్రవేశం ముహూర్తం దాటిపోతోందా లేదా అన్నది అక్కడికక్కడే తెలిసిపోతుంది. క్రిటికల్ పాత్ చూపించమంటే, ఏ పనులు ఒక్కరోజు ఆలస్యమైనా ముహూర్తానికి ఎసరు వస్తుందో వాటిని వేరుచేసి చూపుతుంది. మా ఇంట్లో అందరూ గేటు ఇంకా రాలేదని వెల్డింగ్ షాపు చుట్టూ తిరుగుతుంటే, పటంలో గేటుకు రెండు వారాల వెసులుబాటు కనిపించింది. అసలు ఒత్తిడి ఉన్నది ఎవరూ పట్టించుకోని ప్లాస్టరింగ్ మీద.

ఒక జాగ్రత్త చెప్పాలి. ఈ సాఫ్ట్‌వేర్ మొదట్లో శని, ఆదివారాలను సెలవుగా లెక్కవేసుకుంటుంది. నీళ్ళు పట్టడానికి ఏడు రోజులని రాస్తే మధ్యలో వచ్చే శని, ఆదివారాలను వదిలేసి కనీసం తొమ్మిది రోజుల గీత గీస్తుంది, కాంక్రీటుకు మాత్రం ఆదివారం సెలవు లేదు. అందువల్ల వారంలోని అన్ని రోజులనూ పనిదినాలుగా మార్చుకుని, మా వైపు మేస్త్రీలు పనిలోకి రాని అమావాస్యలను విడిగా సెలవులుగా గుర్తించుకున్నాను.

గాంట్‌ప్రాజెక్ట్‌కు ఉన్న పెద్ద లోటు, ట్యాబ్ యాప్ లేకపోవడం. కంప్యూటర్‌లో గీసిన పటాన్ని పీడీఎఫ్‌గా మార్చి ట్యాబ్‌లో వేసుకుని చూడవచ్చు కానీ అక్కడ టిక్కు పెట్టే వీలు లేదు. ఇంతకాలం దీన్ని లోపంగానే అనుకున్నాను. వాడగా వాడగా తేలినదేమిటంటే, పని జరిగేచోట నిలబడి పటాన్ని మార్చవలసిన అవసరం నాకు ఒక్కసారి కూడా రాలేదు. సిమెంటు చేతులతో, ఎండలో మెరిసే తెర మీద సన్నని గీత అంచు పట్టుకుని లాగడం ఎంతటి సాఫ్ట్‌వేర్‌లోనైనా హింసే. ఆలోచించి ప్రణాళిక వేసేది కంప్యూటర్ ముందు. ట్యాబ్‌తో చేసేది చూసుకోవడం, టిక్కు పెట్టడం, ఫోటో తీయడం, రెండు ముక్కలు రాసుకోవడం.

ఒకే సాఫ్ట్‌వేర్‌లో అన్నీ కావాలనుకునేవారికి నోషన్ ఉంది. పనులన్నీ ఒక పట్టికలో రాసుకుని, ఆ పట్టికనే బోర్డుగా, క్యాలెండరుగా, టైమ్‌లైన్‌గా చూడవచ్చు. పనుల మధ్య లంకెలు పెట్టి, ఒకటి జరిగితే మిగిలినవీ జరిగేలా అమర్చుకోవచ్చు. ఖర్చులు, బిల్లులు, మేస్త్రితో కుదిరిన రేట్లు అన్నీ అదే చోట ఉంటాయి. ఒంటరిగా వాడుకునేవారికి ఉచిత ఖాతా ధారాళంగానే ఉంది కానీ ఒక్కో ఫైలు 5 ఎంబీ దాటకూడదు, ఈనాటి ఫోన్ల ఫోటోలు కొన్ని ఆ గీత దాటేస్తాయి. అంతకన్నా పెద్ద సంగతి నెట్. 2025 ఆగస్టు దాకా నోషన్‌కు నెట్ లేకుండా పనిచేసే ఏర్పాటే లేదు. ఇప్పుడు వచ్చింది, అయితే ఉచిత ఖాతాదారులు ఏ పేజీలు కావాలో ముందే ఆ పరికరంలో గుర్తించి దించుకోవాలి. పొద్దున బయలుదేరేటప్పుడు టిఫిన్ డబ్బా గుర్తున్నట్టు ఇది గుర్తుంటే సరే. నాకు మరో చిక్కు కూడా ఉంది: నోషన్ చేతికిస్తే పని మానేసి పేజీలు అలంకరిస్తూ కూర్చునే బలహీనత. ఒక సాయంత్రమంతా గదుల పేర్లకు బొమ్మలు తగిలించి, టైల్స్ కొలతలు రాయడం మరిచిపోయాను.

తెలుగులో రాసుకునేవారికి ఒక మాట. ఈ సాఫ్ట్‌వేర్లలో తెలుగు రాయడానికి ఇబ్బంది లేదు, వెతకడంలోనే ఉంది. ఒకచోట సెంట్రింగ్ అని, మరోచోట సెంటరింగ్ అని, ఒకరోజు స్లాబ్, ఇంకోరోజు శ్లాబు అని రాస్తే, వెతికినప్పుడు సగమే దొరుకుతాయి. పని మొదలుపెట్టిన రోజే ఇరవై మాటల వర్ణక్రమం ఖాయం చేసుకుని వాటికే కట్టుబడటం మంచిది.

ఇవన్నీ తూచిన మీదట నేను స్థిరపడిన పద్ధతి రెండు సాఫ్ట్‌వేర్లది. మొత్తం ప్రణాళిక కంప్యూటర్‌లో గాంట్‌ప్రాజెక్ట్‌లో ఉంటుంది. ఆదివారం సాయంత్రం జరిగినది జరిగినట్టు దిద్ది, పటాన్ని పీడీఎఫ్‌గా ట్యాబ్‌లోకి పంపి, ఆ వారంలో చేయవలసిన పదీ పన్నెండు పనులను మైక్రోసాఫ్ట్ టుడులో రాసుకుంటాను. ఒకే పనిని రెండుచోట్ల రాయడం దండగ అనేవారి మాటలో న్యాయముంది, అటువంటివారు నోషన్‌కే వెళ్ళాలి. నాకు మాత్రం ఆ రెండోసారి రాయడంలోనే, ఎలక్ట్రీషియన్‌కు ఈ రాత్రే ఫోను చేయాలన్న సంగతి తడుతుంది.

చివరగా, రాసుకున్నది మన చేతికి తిరిగి వస్తుందా అన్నది చూడాలి. వుండర్‌లిస్ట్ అనే మంచి జాబితా యాప్‌ను మైక్రోసాఫ్ట్ 2015లో కొని, 2020 మే 6న మూసివేసింది. దాన్ని నమ్ముకున్నవారు తమ జాబితాలను టుడులోకి మార్చుకోవలసి వచ్చింది. నోషన్ నుంచి పట్టికలను సీఎస్‌వీగా తీసుకుని ఎక్సెల్‌లో తెరవవచ్చు. ట్రెల్లో ఉచిత ఖాతాదారులకు జేసన్ రూపంలోనే ఇస్తుంది, అది మామూలు మనిషి చదివేది కాదు. సీఎస్‌వీ కావాలంటే డబ్బు కట్టాలి. గాంట్‌ప్రాజెక్ట్ ఫైలు మొదటి నుంచీ మన డిస్కులోనే ఉంటుంది. నేను ప్రతి నెలాఖరున దాన్ని సిమెంటు, ఇనుము బిల్లుల ఫోటోలతో కలిపి పెన్‌డ్రైవ్‌లో వేస్తాను. వాటిలో అన్నిటికన్నా పాత ఫైలు తెరిస్తే, కరెంటు పైపుల గీత నుంచి కాంక్రీటు గీతకు వెళ్ళే బాణం ఒకటి కనిపిస్తుంది. నేను గీసిన మొదటి బాణం అదే, స్లాబ్ పడిన మర్నాడు.