సొంత ఎంజైములా, కడుపులోని బ్యాక్టీరియానా?

మొక్కల రక్షణను దాటడానికి పురుగులకు ఏ దారి ఎక్కువ పనికొస్తుంది? మొదటి దారి సొంత ఎంజైములు: కర్నూలు నల్లరేగడి చేలలో కాయ తొలిచే శనగపచ్చ పురుగుకు ఇవే పెద్ద బలం. గింజలోని నిరోధక ప్రోటీన్లు దాని జీర్ణరసాలను అడ్డుకుంటే, వాటికి లొంగని మరో రకం ఎంజైములను అది తయారుచేసుకుంటుంది. రెండవ దారి, మేతతోపాటు పేగుల్లో చేరే బ్యాక్టీరియా. 2018లో మన దేశంలో తొలిసారి కనిపించిన కత్తెర పురుగు కక్కే రసంలోని కొన్ని బ్యాక్టీరియాలు టమాటా మొక్కలో ఒక రక్షణ ఎంజైమును అణచివేస్తాయి, కానీ మరొకదాన్ని రెచ్చగొడతాయి కూడా. పైగా పేగు పొర దెబ్బతింటే ఇవే రక్తంలోకి చొరబడి పురుగునే చంపగలవు. చాలా గొంగళి పురుగుల పేగుల్లో, బహుశా అక్కడి క్షారగుణం వల్ల, బ్యాక్టీరియా స్థిరంగా నిలవదు కనుక మొదటి దారికే నేను ఎక్కువ విలువ ఇస్తాను.