హెర్ట్జ్ అంకె వెనుక దాగేవి

ఐపీఎస్ ప్యానెల్ ఉన్న 60 హెర్ట్జ్ ఎల్‌సీడీ టీవీ, ఆ తరువాత 120 హెర్ట్జ్ వీఏ ఎల్‌సీడీ, ఇప్పుడు 120 హెర్ట్జ్ ఓఎల్ఈడీ. మూడింటినీ ఏళ్ల తరబడి వాడాను (ఐపీఎస్, వీఏ అనేవి ఎల్‌సీడీ తెరల్లో రెండు రకాలు). సెకనుకు తెర ఎన్నిసార్లు మారుతుందో చెప్పే ఈ హెర్ట్జ్ అంకె పెద్దదైతే బొమ్మ బాగుంటుందన్న మాట మీద నాకిప్పుడు నమ్మకం లేదు.

పాత ఐపీఎస్ టీవీని ఏ మూల నుంచి చూసినా రంగులు పాలిపోయేవి కావు. దీపాలు ఆర్పి సినిమా పెడితే మాత్రం అర్ధరాత్రి ఆకాశం బూడిద రంగులో కనిపించేది. ఆ రకం ప్యానెళ్ల కాంట్రాస్ట్, అంటే నలుపుకన్నా తెలుపు ఎన్ని రెట్లు ప్రకాశవంతమో చెప్పే నిష్పత్తి, సాధారణంగా 1000:1 దగ్గరే ఆగుతుంది మరి. వీఏలో అది 3000:1 దాటుతుంది కాబట్టి నలుపు చాలా మెరుగు. అయితే పక్కన కూర్చున్నవారికి రంగులు వెలిసిపోతాయి. పైగా చీకటి దృశ్యంలో ఏదైనా వేగంగా కదిలితే వెనుక నల్లటి చార సాగుతుంది. 120 హెర్ట్జ్‌లో ఒక్కో ఫ్రేముకు, అంటే ఒక్కో నిశ్చల చిత్రానికి, దక్కేది 8.3 మిల్లీసెకన్లు. ముదురు ఛాయల మధ్య మారడానికి పిక్సెల్‌కు (తెరలోని ఒక్కో చుక్కకు) అంతకన్నా ఎక్కువ సమయం పడితే తెర ఎంత వేగంగా మారినా ఏం లాభం?

ఓఎల్ఈడీలో ఆ చార లేదు. పిక్సెల్ తానే వెలుగుతుంది, ఆరితే పూర్తి నలుపు, మారడానికి మిల్లీసెకను కూడా పట్టదు. విచిత్రంగా ఆ చురుకుదనమే సినిమాల్లో కొత్త చికాకు తెచ్చింది. సెకనుకు 24 ఫ్రేములే ఉంటాయి కనుక ఒక్కొక్కటి దాదాపు 42 మిల్లీసెకన్లు కదలకుండా నిలిచి, తటాలున తరువాతిదానికి దూకుతుంది. కెమెరా నెమ్మదిగా పక్కకు తిరిగితే ఆ కుదుపు స్పష్టంగా తెలుస్తుంది. పాత టీవీలోని మసక దాన్ని కప్పిపుచ్చేది! మోషన్ స్మూతింగ్ (ఫ్రేముల మధ్య టీవీ తానే కొత్తవి కల్పించి చేర్చే సదుపాయం) పెంచితే కుదుపు పోతుంది, దానితోపాటు సినిమా కళ కూడా పోయి టీవీ సీరియల్‌లా తయారవుతుంది. నేను దాన్ని అట్టడుగు స్థాయిలో ఉంచుతాను.

120 వల్ల సినిమాకు ఒక మేలుంది. 24కు అది సరిగ్గా ఐదు రెట్లు, ప్రతి ఫ్రేమూ సమానంగా ఐదుసార్లు వస్తుంది. 60లో ఒకటి రెండుసార్లు, తరువాతిది మూడుసార్లు వచ్చి నడక తడబడుతుంది. ఆటల ప్రసారాలు సెకనుకు 50 లేదా 60 చిత్రాలకు మించి రావడం అరుదు కనుక అక్కడ 120తో పెద్దగా ఒరిగేది లేదు. అసలు లాభం వీడియో గేములది. దానికీ 4కే స్పష్టతలో హెచ్‌డీఎంఐ 2.1 పోర్టు (గేము పరికరం తీగను టీవీకి తగిలించే సాకెట్లలో ఒక రకం) కావాలి, టీవీకి ఉన్న పోర్టులన్నీ ఆ రకమే అని అనుకోవద్దు. 'మోషన్ 240' లాంటి ప్రచార పేర్లను చూసి మోసపోవద్దు, ప్యానెల్ అసలు రేటు వివరాల పట్టికలో వేరే ఉంటుంది.

ఇంతా చేసి వీఏ టీవీని వదులుకోలేదు. తెర నిండా తెలుపు వచ్చినప్పుడు ఓఎల్ఈడీ వెలుగు తగ్గించుకుంటుంది, గంటల తరబడి ఒకే చోట నిలిచే ఛానల్ లోగో దాని మీద శాశ్వతంగా ముద్ర వేసే ప్రమాదమూ ఉంది. అందుకే పగటి వార్తలన్నీ కిటికీ ఉన్న గదిలోని వీఏ మీదనే.