మొక్కల సారం క్రీమ్: నీళ్లలో నూనె రకం మేలా, నూనెలో నీళ్ల రకం మేలా?

కలబంద, గ్రీన్ టీ అని డబ్బా మీద పెద్ద అక్షరాలు కనిపిస్తే మన కళ్లు అక్కడే ఆగిపోతాయి. కానీ క్రీమ్ నిలుస్తుందా విరిగిపోతుందా, చర్మంలో తడి ఉంచుతుందా లేదా అన్నది చాలావరకు ఆ సారం కలిపిన బేస్‌ను, అంటే నూనె, నీళ్లు కలిపి చేసిన అసలు క్రీమ్‌ను బట్టే ఉంటుంది. నీళ్లలో నూనె బొట్లు తేలేది ఒక రకం, నూనెలో నీటి బొట్లు చిక్కుకున్నది ఇంకో రకం. మీ దగ్గరున్నది ఏదో తెలియాలంటే కాస్త తీసి గ్లాసు నీళ్లలో కలపండి. పాలలా కలిసిపోతే మొదటిది, ముద్దగా మిగిలితే రెండోది.

ముందు నిలకడ చూద్దాం. కలబంద గుజ్జులో దాదాపు 98 శాతం నీళ్లే, అందుకే మొదటి రకంలో హాయిగా కలిసిపోతుంది, తలనొప్పీ అక్కడే మొదలవుతుంది. దానిలోని లవణాలు కార్బోమర్ లాంటి చిక్కదనం ఇచ్చే పదార్థాన్ని పలచబరుస్తాయి, పైగా నీళ్లు బయటే ఉంటాయి కాబట్టి బూజుకి, బ్యాక్టీరియాకి విందు భోజనమే. రెండో రకంలో నీళ్లు నూనె లోపల బందీ, సూక్ష్మజీవులకు అంత సులువు కాదు, కానీ ఎండలో పెడితే పైన నూనె తేలే బెడద దానికి ఎక్కువ. గ్రీన్ టీ సారం మాత్రం గాలి తగిలితే ఏ బేస్‌లోనైనా మెల్లగా గోధుమ రంగుకి తిరుగుతుంది.

నిమిషానికి 3000 చుట్ల చొప్పున అరగంట సెంట్రిఫ్యూజ్ అనే గిరగిరా తిప్పే యంత్రంలో తిప్పితే విడిపోయే క్రీమ్ చాలావరకు దొరికిపోతుంది. అయితే అందులో పాసయినంత మాత్రాన నమ్మేయకండి, రంగు మారడం, పీహెచ్ తగ్గడం (అంటే పులుపు పెరగడం), బూజు పట్టడం అరగంటలో బయటపడేవి కావు. 40 డిగ్రీల వేడిలో నెలల తరబడి ఉంచాలి, మధ్యలో గడ్డకట్టించి కరిగించే పరీక్ష కూడా పెట్టాలి.

ఇక తేమ. కార్నియోమీటర్ చర్మం పైపొరలో తడి ఎంతుందో చెబుతుంది, ఇంకో పరికరం చర్మం నుంచి ఆవిరైపోయే నీటిని కొలుస్తుంది. మొదటి రకం రాసిన వెంటనే కార్నియోమీటర్ అంకె ఎగిరి గంతేస్తుంది, అందులో కొంత క్రీమ్‌లోని నీళ్ల పుణ్యమే, కాబట్టి రెండు మూడు గంటలు పోయాక చూసిందే లెక్క. నీరు ఆవిరి కాకుండా ఆపడంలో మాత్రం రెండోదే గట్టిది. ముంజేతి మీద ఏమీ రాయని చోటు ఒకటి, సారం కలపని ఉత్త బేస్ రాసిన చోటు ఒకటి పక్కపక్కన పెట్టి కొలవకపోతే, బేస్‌లో తడి పట్టి ఉంచే గ్లిజరిన్ చేసిన పనికి కలబంద పేరు కొట్టేస్తుంది. (ఇది చాలా ప్రకటనల్లో జరిగేదే.)

నన్నడిగితే ముఖానికి, జిడ్డు చర్మానికి మొదటి రకం, పగిలిన మడమలకి, పొడిబారిన చేతులకి రెండోది. మొదటి రకం డబ్బా మీద, బూజు పట్టకుండా కాపాడే ప్రిజర్వేటివ్ లేదని గొప్పగా రాసుంటే మాత్రం నేను దాని జోలికి పోను.