ముందు ప్లానా, ముందు చిత్తా? వ్యాసం రాసే విద్యార్థికి ఏది మేలు?

డిగ్రీలోనో పీజీలోనో అసైన్‌మెంట్ చేతికి రాగానే కొందరు పాయింట్లు వేసుకోనిదే పెన్ను కదపరు. కొందరు తోచిందంతా గబగబా రాసేసి, సర్దడం తర్వాత చూసుకుందామంటారు. రెండూ పనికొచ్చే పద్ధతులే. అయితే మీ దగ్గర సమాచారం కొరవా, అభిప్రాయం కొరవా అన్నది ముందు తేల్చుకోవాలి. ఎంపిక దాన్ని బట్టే ఉంటుంది.

కేసీ కాలువ (కర్నూలు–కడప కాలువ) మీద 600 మాటల వ్యాసం రాయాలనుకుందాం. ప్లాన్ వేసుకునేవాళ్లు మామూలుగా రాసుకునేది ఇది: పరిచయం, చరిత్ర, ఉపయోగాలు, సమస్యలు, ముగింపు. ఈ అయిదు ముక్కలు తుంగభద్ర డ్యాముకూ సరిపోతాయి, శ్రీశైలం ప్రాజెక్టుకూ సరిపోతాయి. కేసీ కాలువ గురించి ఇంకా ఏమీ ఆలోచించలేదనే అర్థం. ప్లాన్ చెడేది ఎక్కువగా ఇక్కడే. శీర్షిక కింద ఏదో ఒకటి నింపాలి కాబట్టి ‘నీరు సకల జీవులకు ప్రాణాధారం’ లాంటి వాక్యాలు వచ్చి కూర్చుంటాయి.

దీనికి విరుగుడు, ప్రతి పాయింటునూ క్రియతో ముగిసే పూర్తి వాక్యంగా రాసుకోవడం. ‘1863–70 మధ్య ఒక ప్రైవేటు కంపెనీ ఈ కాలువను సాగునీటికీ పడవల రవాణాకూ కలిపి తవ్వించింది.’ ‘అనుకున్న లాభం రాలేదు; 1882లో ప్రభుత్వం కొనేసింది.’ ‘లాభం కోసం తవ్విన కాలువ చివరికి రైతుల కాలువగా మిగిలింది.’ ఇట్లాంటివి అయిదారు చాలు. ఒక్కో వాక్యం ఒక్కో పేరా అవుతుంది, వంద మాటల చొప్పున లెక్క సరిపోతుంది. మూడో వాక్యం చూడండి, అది సమాచారం కాదు, మీ వాదన. ప్లాన్‌లో అలాంటి వాక్యం ఒక్కటైనా రాకపోతే ఆ ప్లాన్ పట్టుకుని రాయడం మొదలుపెట్టొద్దు. ఆ పూటకు చిత్తు పద్ధతికి మారడమే మేలు.

చిత్తు పద్ధతికి కూడా నియమాలున్నాయి. ఫోన్లో 20 నిమిషాలకు టైమర్ పెట్టి, కాగితానికి ఒకవైపే, గీత విడిచి గీత రాయాలి. వెనక్కి వెళ్లి దిద్దకూడదు. సంవత్సరమో పేరో గుర్తు రాకపోతే ప్రశ్నార్థకం పెట్టి ముందుకు పోవాలి. దాన్ని వెతకడానికి ఫోన్ తెరిస్తే ఆలోచన అక్కడే తెగిపోతుంది. భాష ఇంట్లో మాట్లాడేదే ఉండనీయండి. ‘కాలువ చివరి ఊర్లకు నీళ్లు ఎందుకు అందకుండా పోతాండాయి’ అని మనసులో వస్తే అట్లే రాయండి. ‘పోతున్నాయి’ అని దిద్దడం రెండో రోజు పని. సీమ పిల్లలు చాలామంది మొదటి వాక్యం దగ్గరే ఆగిపోవడానికి కారణం ఆలోచన లేకపోవడం కాదు, పుస్తకాల భాషలోకి మార్చుకుంటూ రాయాలనుకోవడం. ఈ ఒక్క కారణంతోనే, రాయడం కొత్తగా నేర్చుకునేవాళ్లకు నేను చిత్తు పద్ధతినే ముందు చెబుతాను.

ఫోన్‌తో చెప్పి టైప్ చేయించుకోవడం కూడా చిత్తు కిందికే వస్తుంది. వేగంగా సాగుతుంది. కాకపోతే మన యాస క్రియలను అది తరచూ తప్పుగా వింటుంది, పూర్ణవిరామాలు సరిగా పడవు. మూడు నాలుగు నిమిషాలకోసారి ఆగి చూసుకోకపోతే తర్వాత ఏం చెప్పారో మీకే అర్థం కాదు.

చిత్తు పద్ధతిలో అసలు ప్రమాదం రెండో మెట్టులో ఉంది. రాసింది చూసి ముచ్చటపడి, అక్షరదోషాలు దిద్ది ఇచ్చేస్తారు. అలాంటి వ్యాసంలో ఒకే మాట మూడు పేరాల్లో మూడు రకాలుగా కనిపిస్తుంది. అందుకే మరునాడు ప్రతి పేరా పక్కన మార్జిన్‌లో ‘ఇది ఏం చెబుతోంది’ అని ఒక్క వాక్యం రాయాలి. రెండు పేరాలకు ఒకే వాక్యం వస్తే ఒకటి తీసేయాలి. వాక్యమే రాకపోతే ఆ పేరా పోవాల్సిందే. మొదటి పేరా చాలాసార్లు ఇట్లాగే పోతుంది, ఎందుకంటే అది చదివేవాళ్ల కోసం కాక చేయి వేడెక్కడానికి రాసుకున్నది. మిగిలిన మార్జిన్ వాక్యాలను వరుసగా ఎత్తి రాస్తే అదే మీ ప్లాన్. దాన్ని పక్కన పెట్టుకుని కొత్త కాగితం మీద మళ్లీ రాయాలి.

కాబట్టి చిత్తు దారికి కనీసం రెండు పూటలు కావాలి. పరీక్ష హాల్లో అంత టైం ఉండదు. అక్కడ ప్లానే మేలు, గంట వ్యాసానికి పది నిమిషాలు చివరి పేజీలో వాక్యాల ప్లాన్ వేసి, అయ్యాక దాన్ని కొట్టేయండి. కోస్తా, సీమ నాయకుల మధ్య కుదిరిన శ్రీబాగ్ ఒడంబడిక (1937), కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం (1953) లాంటి తేదీల వరుసతో నడిచే విషయాలకు కూడా ప్లానే. వరుస తప్పితే వాదనే తప్పుతుంది. ‘మా ఊరికి ఈ కాలువ ఏమిచ్చింది’ లాంటి, అభిప్రాయం అడిగే ప్రశ్నకు మాత్రం వారం గడువుంటే చిత్తుతోనే మొదలుపెట్టండి.

ఏ దారిన వచ్చినా, ఇచ్చే ముందు ఒకసారి గొంతెత్తి చదవాలి. చదువుతుంటే ఊపిరి చాలని వాక్యాన్ని రెండు చేయాలి. ప్రశ్నార్థకాలు మిగిలి ఉంటే వాటి కోసం లైబ్రరీకి ఒకేసారి వెళ్లి అన్నీ చూసుకోవచ్చు. కడపవాళ్లకు బ్రౌన్ గ్రంథాలయం ఊళ్లోనే ఉంది.