నాటుకోళ్లకు చేయించిన జాలీ షెడ్డు: ఒక చలికాలం గడిచాక

2025 ఫిబ్రవరిలో మా కర్నూలు ఎన్ఆర్ పేటలో బర్డ్ ఫ్లూ బయటపడి, చుట్టూ కిలోమీటరు మేర రెడ్ జోన్‌గా ప్రకటించిన నాటి నుండి, మా పద్దెనిమిది నాటుకోళ్లను పెరట్లో వదలడానికి మనసొప్పలేదు. ఈ రోగానికి మన దేశంలో కోళ్లకు టీకా వేయడం లేదు. అడవి పక్షులను దూరంగా ఉంచడమే దారి. అందుకే బళ్లారి చౌరస్తా వైపున్న ఒక వెల్డింగ్ షాపులో పది అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు గల షెడ్డు చేయించాను.

ఇందులో నాకు అన్నిటికంటే నచ్చినది పైకప్పు. చాలామంది పైన కూడా వల కప్పి సరిపెట్టుకుంటారు గానీ, వైరస్ సోకిన పక్షి రెట్టలోనూ అది ఉంటుంది గనుక, వల మీద వాలిన కొంగో కాకో రెట్ట వేస్తే అది నేరుగా దాణాలోనూ నీళ్లలోనూ పడుతుంది. ఆ షాపు యజమాని నేను అడగకముందే పైన రేకులు వేసి, నాలుగు వైపులా అడుగు చూరు వదిలారు. పక్కలకు అరంగుళం కన్ను జాలీ బిగించారు.

అయితే వారం తిరగకుండానే ఒక ఉదయం తలుపు తీసేసరికి, రెండు పిచ్చుకలు మా కోళ్ల మధ్య నూకలు ఏరుకుంటున్నాయి. రేకు వంపులకూ పై కమ్మీకీ మధ్య రెండు వేళ్లు దూరేంత సందులు వదిలేశారు. ఫోన్ చేస్తే రేపు మాపు అంటూ పన్నెండు రోజులు తిప్పారు. అన్నాళ్లూ నా భార్య గోనె సంచులు కుక్కి కాపాడింది. తరువాత వచ్చి జాలీ ముక్కలు బిగించి వెళ్లారు, డబ్బు మాత్రం అడగలేదు.

చెప్పులతో వైరస్ లోపలికి రాకుండా గుమ్మం దగ్గర కాళ్లు ముంచేందుకు పెట్టే బ్లీచింగ్ నీళ్ల ట్రేను ఎండలో పెట్టడం కూడా సరికాదు. బ్లీచింగ్ నీళ్ల బలం ఎండకు తగ్గిపోతుంది, చెప్పులకు అంటిన పెంట కడగకుండా ముంచితే అసలు పని చేయదు. నేను దానిని చూరు కిందికి జరిపి, పక్కనే ఒక బ్రష్షు ఉంచి, రోజూ నీళ్లు మారుస్తున్నాను.

ఇరవై కోళ్ల లోపు ఉన్నవారికి ఈ షెడ్డు తప్పక పనికి వస్తుంది. డబ్బు పూర్తిగా ఇచ్చే ముందు, మధ్యాహ్నం వేళ లోపల నిలబడి తలుపు మూయించండి. చూరు కింద రేకుకూ కమ్మీకీ మధ్య ఎక్కడ వెలుతురు కనిపిస్తే అక్కడ మళ్లీ జాలీ వేయించండి.