క్రొయేషియాలో క్యాంపు బుక్ చేస్తున్నారా? డబ్బు కట్టే ముందు ఇది చదవండి

ఏడు రాత్రులకు 840 యూరోలు కట్టి, ఒక్క రాత్రి ఉండి, మిగతాది వదులుకుని వచ్చిన కుటుంబం మాది. తేలికగా మోసపోయే మనిషిని కాదని నాకు నమ్మకం ఉండేది. అందుకే ఇదంతా రాస్తున్నాను.

మేము మ్యూనిక్‌లో ఉంటాం. జులైలో తెనాలి నుంచి అత్తయ్య, మామయ్య వచ్చారు. వాళ్ళకు సముద్రం చూపిద్దామని క్రొయేషియాలోని ఇస్త్రియా తీరంలో రెండు పడకగదుల మొబైల్ హోమ్, అంటే క్యాంపులో అద్దెకిచ్చే చిన్న ఇల్లు, ఒకటి చూశాం. అమ్మింది క్యాంపువాళ్ళు కాదు, మధ్యలో ఉన్న ఒక బుకింగ్ సైటు. పైన్ చెట్లు, నీలి సముద్రం, శుభ్రమైన వంటగది. ఫోటోల్లో ఎక్కడా ఒక్క మనిషి కూడా లేడు. నాకు అనుమానం రావలసింది అక్కడే. ఇంగ్లిష్ పేజీలో ‘ప్రకృతి ప్రేమికుల క్యాంపు’ అని ఉంది. పక్క క్యాంపులకంటే ధర తక్కువ. రద్దు చేసుకుంటే డబ్బు తిరిగి రాదన్న షరతుకు కూడా సరేనన్నాం.

ఆస్ట్రియాలో టావర్న్ సొరంగం దగ్గర గంటన్నర ఆగిపోయి, స్లొవేనియా దాటి, సాయంత్రం ఎనిమిదింటికి చేరాం. ఇంకా వెలుగు ఉంది. గేటు దాటిన నిమిషంలోనే ఒక పెద్దాయన సైకిల్ మీద రొట్టెలు పెట్టుకుని ఎదురొచ్చారు. తలకు టోపీ ఉంది, కాళ్ళకు చెప్పులు ఉన్నాయి. ఆ రెంటికీ మధ్య ఏమీ లేదు. ఆయన మాకు మర్యాదగా చేయి ఊపి వెళ్ళిపోయారు. కారులో ఎవరూ మాట్లాడలేదు.

రిసెప్షన్‌లోని అమ్మాయి దుస్తుల్లోనే ఉంది. ఆమె చెప్పాక మొత్తం అర్థమైంది. జర్మన్ పేజీలో ‘నాచురిస్ట్ క్యాంపు’, అంటే దుస్తులు లేకుండా గడిపేవాళ్ళ క్యాంపు అనీ, పక్కనే ఎఫ్, కె, కె అనే మూడక్షరాలూ స్పష్టంగా ఉన్నాయి. సైటువాళ్ళ యంత్రానువాదం దాన్ని ‘ప్రకృతి ప్రేమికులు’ చేసి, ఆ అక్షరాలను మింగేసింది. ఎఫ్‌కేకే అంటే జర్మన్‌లో ‘ఫ్రైక్యోర్పర్‌కుల్టూర్’, స్వేచ్ఛా దేహ సంస్కృతి. మ్యూనిక్ ఇంగ్లిష్ గార్డెన్‌లో ఒంటి మీద నూలుపోగు లేకుండా ఎండ కాచుకునేవాళ్ళను మూడేళ్ళుగా చూస్తూనే ఉన్నాను. చదువుకున్నదాన్ని, జర్మన్ పేజీ ఒక్కసారి తెరిచి ఉంటే సరిపోయేది.

క్యాంపువాళ్ళ తప్పేమీ లేదు. క్రొయేషియా తీరంలో ఇది పాత అలవాటే. 1936లో బ్రిటన్ రాజు ఎనిమిదో ఎడ్వర్డ్ అక్కడి రాబ్ దీవికి వచ్చి దుస్తులు లేకుండా ఈదాడన్న కథను అక్కడివాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇస్త్రియాలోనే వ్ర్‌సార్ దగ్గర 1961 నుంచి నాచురిస్టుల క్యాంపు నడుస్తోంది. అక్కడికి తరతరాలుగా కుటుంబాలతో వచ్చేవాళ్ళున్నారు. వాళ్ళ చోటికి తెలియక వెళ్ళింది మేమే.

ఆ రాత్రి వేరే చోటు దొరకలేదు. మామయ్య ఫోనులో పేపరు చదువుతూ తల ఎత్తలేదు. ఆ పేపరు ఆయన పొద్దునే చదివేశారని నాకు తెలుసు. అత్తయ్య మాత్రం, “నాసిక్ కుంభమేళాలో ఇంతకన్నా ఎక్కువమందిని చూశానమ్మా. వాళ్ళ గొడవ వాళ్ళది. ముందు కాస్త కాఫీ పెట్టు” అన్నారు.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. ఫిర్యాదుకు సాక్ష్యం కావాలి కదా అని మావారు వరండాలో నిలబడి ఫోనుతో వీడియో మొదలుపెట్టారు. రెండు నిమిషాల్లో పక్కింటావిడ తువ్వాలు చుట్టుకుని వచ్చింది. కేకలు వేయలేదు. తీసింది చూపించమని, తన కళ్ళ ముందే తుడిపించి వెళ్ళింది. ఆమె స్థానంలో నేనున్నా అదే చేసేదాన్ని. ఇలాంటి చోట కెమెరా తీయడాన్ని మించిన అమర్యాద లేదు. మీకూ ఇదే గతి పడితే గేటు బయటి బోర్డును, రిసెప్షన్‌లో ఇచ్చే నియమాల కాగితాన్ని మాత్రమే ఫోటో తీసుకోండి. సైటు పేజీని రెండు భాషల్లోనూ ఆ రోజే భద్రపరచండి. మేము నాలుగు రోజుల తర్వాత చూస్తే ఇంగ్లిష్ పేజీ మారిపోయి ఉంది.

తెలిసే, ఇష్టపడే వెళ్ళేవాళ్ళకు కూడా ఆ కాగితంలో ఉన్నవి పనికొస్తాయి. కుర్చీ అయినా బెంచీ అయినా సొంత తువ్వాలు పరిచాకే కూర్చోవాలి. కళ్ళప్పగించి చూడకూడదు, ఇంకొకరి పక్కనే చాప వేయకూడదు. మేమున్న చోట బీచిలోనూ ఈతకొలనులోనూ దుస్తులతో తిరగడమే తప్పు, రెస్టారెంటులో మాత్రం వేసుకోవాలి. దుస్తుల్లో ఉండేవాళ్ళను ‘టెక్స్‌టైల్’ జనం అంటారు. ఆ మాటలో కొంచెం వెక్కిరింత ఉంటుంది. మరుసటి పొద్దున నేను బీచి దాకా వెళ్ళానా, వెళ్ళి ఏం చేశానన్నది ఈ ఫిర్యాదుకు సంబంధం లేని విషయం. వినోదం చూద్దామని నలుగురు కుర్రాళ్ళు కలిసి బయలుదేరే ఆలోచన ఉంటే మానుకోండి. ఆడవాళ్ళు లేకుండా వచ్చే మగవాళ్ళను గేటు దగ్గరే తిప్పి పంపే క్యాంపులు కూడా ఉన్నాయి.

పద్ధతి దేశానికో తీరుగా ఉంటుంది. డెన్మార్క్‌లో చాలా బీచుల్లో ప్రత్యేకంగా బోర్డే ఉండదు, ఎవరిష్టం వారిది. ఫ్రాన్స్‌లోని కాప్ దాగ్ద్ నాచురిస్టు గ్రామంలోకి గేటు దగ్గర రుసుము కట్టి వెళ్ళాలి. బార్సిలోనాలో మార్ బెల్లా బీచిలో నగ్నంగా ఉండవచ్చు, అలాగే వీధిలోకి వస్తే మాత్రం జరిమానా. 2011 నుంచి ఆ నగరంలో ఈత దుస్తులతో వీధుల్లో తిరగడానికి కూడా వీల్లేదు.

బుక్ చేసేటప్పుడు అసలు భాష పేజీ తెరిచి నాచురిస్ట్, ఎఫ్‌కేకే, స్పెయిన్ అయితే ‘నుదిస్తా’ అనే మాటల కోసం వెతకండి. కొన్ని క్యాంపుల్లో దుస్తులతో ఉండేవాళ్ళకూ నాచురిస్టులకూ వేరువేరు భాగాలు ఉంటాయి, మీ ఇల్లు ఏ వైపో క్యాంపుకే నేరుగా రాసి అడగండి. మాకు పొరెచ్ దగ్గర వేరే గది దొరకడానికి ఇంకో 610 యూరోలు అయ్యాయి.

సైటుకు ఐదు మెయిళ్ళు పెట్టాను. మొదటి జవాబులో, పేజీలో ప్రకృతి అని రాశాం, అక్కడ ప్రకృతి ఉంది కదా అన్నారు. మూడు వారాల తర్వాత పదిహేను శాతం వోచరు పంపారు. అది వాడాలంటే మళ్ళీ వాళ్ళ దగ్గరే బుక్ చేయాలి, డిసెంబరు 31 లోపు.