హురకాన్, 911, ఉరుస్: మిర్యాలగూడలో రోజూ నడపాలంటే ఏది మేలు?

మా అక్క కొడుకుది నల్లగొండ జిల్లా మిర్యాలగూడలో రైస్ మిల్లు. చిన్నప్పటి నుంచి వాడికి కార్ల పిచ్చి. ఈమధ్య మిల్లు బాగా కలిసొచ్చింది, చౌటుప్పల్ దగ్గర తాతల నాటి భూమికి కూడా మంచి రేటు పలికింది. ఇంకేముంది, ఫోన్ చేశాడు. "మామా, స్పోర్ట్స్ కారు తీసుకుంటున్న. షెడ్డుల పెట్టి పూజ చేసేది కాదు, రోజూ నడిపేది. ఏది తీసుకోమంటవ్?" వాడి లిస్టులో మూడున్నాయి: వాడిన లంబోర్గిని హురకాన్, కొత్త పోర్షె 911 కరేరా, కొంచెం తిరిగిన లంబోర్గిని ఉరుస్.

అంత డబ్బు కారు మీద పెట్టొచ్చా అనే చర్చలోకి నేను దిగలేదు. అది వాళ్లమ్మ చూసుకుంటుంది. నన్నడిగింది ఏ కారు అని, అదీ రోజూ తిప్పడానికి.

స్పీడు సంగతి ముందే పక్కన పెట్టేయొచ్చు. ఈ మూడూ సున్నా నుంచి వందకు నాలుగు సెకన్లకు అటూఇటూగా వెళ్లిపోతాయి. మన నాలుగు లేన్ల హైవే మీద కారుకు ఆ వందే గరిష్ఠ పరిమితి. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) మీద 2023లో 120కి పెంచారు, అంతే. అంటే నాలుగో సెకను దాటితే చలానే. అర సెకను తేడా చూసి కారు ఎంచుకునేవాడికి ఆ అర సెకను మన జిల్లాలో ఎక్కడా ఉపయోగపడదు. తేల్చాల్సింది మిల్లు గేటు నుంచి హైవే దాకా ఉన్న రోడ్డు.

మిర్యాలగూడ నుంచి నల్లగొండ మీదుగా నార్కట్‌పల్లి దాకా అద్దంకి రోడ్డు, అక్కడి నుంచి హైదరాబాద్‌కు 65వ నంబరు జాతీయ రహదారి. ఈ రెండూ చెడ్డవేం కావు. రాంగ్ రూట్‌లో వచ్చే బైకులు, డివైడర్ గ్యాపులో నుంచి తోసుకొచ్చే ఆటోలు అందరికీ ఉన్న తలనొప్పే. అసలు కథ రోడ్డు ఎక్కే ముందు, దిగిన తర్వాత. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. అంత సాగదీసి కడితే ఎంత కిందికున్న కారైనా మెల్లగా ఎక్కి దిగుతుంది. మన దగ్గర ఊరి ముందు ఒక యాక్సిడెంట్ అయిందంటే తెల్లారేసరికి రోడ్డుకు అడ్డంగా గట్టు లేస్తుంది. కంకర, సిమెంటు ఎంత దొరికితే అంత. వెడల్పు రెండడుగులు ఉండదు, ఎత్తుకు లెక్క లేదు, రంగు లేదు, బోర్డు లేదు. ఫార్చునర్‌లో పోయేవాడికి అది తెలియను కూడా తెలియదు. నేలకు నాలుగైదు అంగుళాల పైన పోయే కారుకు మాత్రం ముందు బంపర్ ఎలాగోలా దాటినా, రెండు చక్రాల మధ్యలో కింద తగులుతుంది.

వడ్ల సీజన్ వస్తే ఇంకో రకం. మిల్లుల ముందు ట్రాక్టర్లు బారులు తీరతాయి. పల్లె రోడ్ల మీద ఒక పక్క మొత్తం వడ్లు ఆరబోస్తారు, ఎవరూ తొక్కకుండా చుట్టూ రాళ్లు పేరుస్తారు, రాత్రికి టార్పాలిన్ కప్పుతారు. వడ్లు ఎత్తుకుపోయాక కూడా ఆ రాళ్లు అక్కడే ఉంటాయి. హురకాన్ నడిపేవాడి కళ్లు దాదాపు బైకు హ్యాండిల్ ఎత్తులో ఉంటాయి. ఎదురుగా ఒంటి లైటు ట్రాక్టర్ వస్తుంటే ఆ ఎత్తు నుంచి రాయి కనపడదు, తగిలాకే తెలుస్తుంది. మావాడు అలాంటి రోడ్ల మీదే రైతుల దగ్గరికి, కొనుగోలు సెంటర్లకు తిరగాలి.

ఈ విషయంలో మహబూబ్‌నగర్ వాళ్ల పని కొంచెం నయం. 44వ నంబరు రహదారి జడ్చర్ల మీదుగానే పోతుంది. తెల్లవారుజామున జడ్చర్లలో ఎక్కితే కొత్తకోట, పెబ్బేరు దాటి బీచుపల్లి దగ్గర కృష్ణ వంతెన దాకా హాయిగా సాగిపోవచ్చు. మావాడి మిల్లు జడ్చర్ల బైపాస్ పక్కన ఉంటే నా జవాబు కొంత మెత్తబడేది. మలుపుల కోసం శ్రీశైలం రోడ్డుకు పోదామంటారా, అది అమ్రాబాద్ పులుల అడవి. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా గేట్లు మూసేస్తారు. పగలేమో రోడ్డు మధ్యలో కోతులు కూర్చుని ఉంటాయి.

ఇప్పుడు హురకాన్. నిజం చెప్పాలంటే ఈ మూడింట్లో నా మనసు కూడా దాని మీదే పోతుంది. 5.2 లీటర్ల, పది సిలిండర్ల వి10 ఇంజన్, టర్బో లేదు, తొక్కిన కొద్దీ గొంతు పెరుగుతూ ఎనిమిది వేల ఆర్పీఎం దాకా పోతుంది. 2014లో వచ్చి 2024లో ఆగిపోయింది. దాని స్థానంలో వచ్చిన టెమెరారియోలో ట్విన్ టర్బో వి8, హైబ్రిడ్ మోటార్లు. 2025లో మన దేశంలో దాని ఎక్స్ షోరూమ్ ధర 6 కోట్లు. కాబట్టి "ఇప్పుడు కొనకపోతే ఆ సౌండ్ మళ్లీ దొరకదు మామా" అని మావాడు అంటే కొట్టిపారేయలేను.

కానీ దాన్ని రోజూ తిప్పడం ఎలా ఉంటుందో చూద్దాం. ముందు భాగాన్ని పైకి లేపే లిఫ్ట్ ఉంటుంది, బటన్ నొక్కితే ముక్కు నాలుగు సెంటీమీటర్లకు కాస్త అటూఇటూగా లేస్తుంది. లేవడానికి కొన్ని సెకన్లు పడుతుంది. ఆ కొన్ని సెకన్లు వెనకున్న లారీవాడు హారన్ మీద నుంచి చెయ్యి తియ్యడు. వెనక టైర్లు 305 మిల్లీమీటర్ల వెడల్పు, 20 అంగుళాల రిమ్ము, టైరు గోడ చాలా తక్కువ. స్టెప్నీ లేదు. పంక్చరైతే మన రోడ్డు పక్క షాపులో జాకీ ఎక్కడ పెట్టాలో కూడా తెలియదు, ఆ సైజు టైరు జిల్లాలో స్టాక్ ఉండదు. కార్బన్ సిరామిక్ బ్రేకులు బాగుంటే ఎన్నేళ్లయినా వస్తాయి, మార్చాల్సి వస్తే మాత్రం ఆ డబ్బుతో ఒక కొత్త కారే కొనొచ్చు. సీట్లు రెండే, ముందున్న డిక్కీ 100 లీటర్లు. భార్య, ఇద్దరు పిల్లలు ఉన్నవాడికి రోజూ ఒక పంచాయితీ.

మే నెలలో నల్లగొండ ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. వీపు వెనకాలే ఇంజన్ పెట్టుకుని మిల్లుల దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఫ్యాన్ల మోతే వినపడుతుంది, వి10 కాదు. అందుకే ఇలాంటి కారు కొన్నవాళ్లు మొదటి రెండు నెలలు తిప్పి, తర్వాత కవర్ కప్పేస్తారు. కప్పేస్తే ఇంకో గొడవ. నిలబెట్టిన కారుకు బ్యాటరీ దిగిపోతుంది, టైర్లు ఒకేచోట చదునవుతాయి. పైగా రైస్ మిల్లు ఆవరణ. నూకలూ తవుడూ ఉన్నచోట ఎలుకలు ఉండకుండా ఎలా ఉంటాయి? అవి వైరింగ్ కొరికాయంటే మీటర్ల దగ్గర వార్నింగ్ లైటు ఎందుకు వెలిగిందో చెప్పగలిగే మెకానిక్ ఊళ్లో దొరకడు. చెయిన్ కట్టి లాక్కుపోయే కారు కూడా కాదు, కారును పైకెక్కించుకుపోయే ఫ్లాట్‌బెడ్ లారీ రావాల్సిందే, అదీ హైదరాబాద్ నుంచి. పెద్ద పని పడితే బెంగళూరు దాకా పోతుందనుకునే లెక్క వేసుకోవాలి.

దీనికి వాడు "మరి ఉరుస్ అయితే ఏ బాధా లేదు గదా" అన్నాడు. నిజమే, లేదు. ఎయిర్ సస్పెన్షన్‌తో 158 మిల్లీమీటర్ల నుంచి 248 దాకా లేస్తుంది, ఐదుగురు కూర్చోవచ్చు, వడ్ల బస్తా కూడా పడుతుంది. అయితే అది ఆడి క్యూ8, పోర్షె కయెన్‌లతో ఒకే ప్లాట్‌ఫామ్ మీద కట్టిన 2 టన్నుల పైచిలుకు ఎస్‌యూవీ. వేగంగా పోతుంది, గట్టిగా అరుస్తుంది, స్పోర్ట్స్ కారు మాత్రం కాదు. రోడ్డే సమస్య అయితే అంతకంటే చాలా తక్కువలో కయెన్ వస్తుంది. ముందున్న లంబోర్గిని ఎద్దు బొమ్మ కోసం మిగతా కోట్లు ఇస్తానంటే వాడిష్టం, అడిగిన ప్రశ్నకు మాత్రం అది జవాబు కాదు.

911 దగ్గరికొస్తే లెక్క మారుతుంది. 3.0 లీటర్ల ట్విన్ టర్బో, ఆరు సిలిండర్లు, ఇంజన్ వెనక చక్రాలకు కూడా అవతల. అందుకే ముక్కు పొట్టిగా ఉంటుంది, గట్టు దగ్గర అదే కాపాడుతుంది. ముందు టైర్లు 235/40 (వెడల్పు 235 మిల్లీమీటర్లు, టైరు గోడ అందులో 40 శాతం), రిమ్ము 19 అంగుళాలు. హురకాన్‌తో పోలిస్తే టైరులో రబ్బరు ఎక్కువ, అంటే రాయి తగిలితే రిమ్ము బతికే అవకాశం ఎక్కువ. వెనక చిన్న సీట్లలో పిల్లలు ఇద్దరూ పడతారు, పెద్దవాళ్లు పట్టరు, మావాడికి అదే కావాలి. కిటికీలు మామూలు కారులా ఉంటాయి, రివర్స్ తీసేటప్పుడు వెనక్కి తిరిగితే ఏదో ఒకటి కనపడుతుంది. చుట్టూ చూస్తూ నడపగలిగిన కారునే మనిషి రోజూ బయటికి తీస్తాడు. 2024లో ఈ కరేరా 1.99 కోట్లకు వచ్చింది, ఎక్స్ షోరూమ్.

దీనికీ ముందు లిఫ్ట్ ఉంది, కానీ ఇక్కడో చిన్న తెలివి ఉంది. ఒకసారి ఒక స్పీడ్ బ్రేకర్ దగ్గర లేపి సేవ్ చేస్తే, జీపీఎస్‌తో గుర్తుపెట్టుకుని తర్వాత ఆ చోటికి రాగానే దానంతట అదే లేపుతుంది. మిల్లు గేటు ర్యాంపు, ఇంటి ముందు గట్టు, మేనత్త ఊరి మలుపులో ఉన్న గట్టు, అన్నీ ఒక్కసారి సేవ్ చేస్తే చాలు. బ్రేకు తొక్కి బటన్ వెతుక్కునే టెన్షన్ తప్పుతుంది. నా దృష్టిలో మిర్యాలగూడలో వి10 సౌండ్ కంటే ఇదే విలువైన ఫీచర్.

దాని లోటు ఏమిటంటే ఊళ్లో ఎవడూ పట్టించుకోడు. హురకాన్ ఆగితే అరగంట సెల్ఫీలు, "మైలేజీ ఎంతిస్తది అన్నా" అనే ప్రశ్న గ్యారంటీ. (లీటరుకు ఐదారు ఇస్తే గొప్ప. ఆ మాట చెప్పినప్పుడు అడిగినవాడి ముఖం చూడాలి.) 911ను చూసి "పాత బీటిల్ లెక్కుందే" అంటారు. మర్యాద కావాలంటే మా జిల్లాలో తెల్ల ఫార్చునరే, దాని ముందు ఈ మూడూ దిగదుడుపే. పేరు కోసం అయితే 911 కొనడం దండగ అని మావాడికి మొహమాటం లేకుండా చెప్పాను.

ఒక రోజు అద్దెకు తీసుకుని చూస్తానన్నా నేను వద్దనను, కొనేముందు ఒక పూట నడపడం మంచిదే. కాకపోతే తెల్ల నంబరు ప్లేటున్న సొంత కారును అద్దెకిచ్చేవాళ్ల దగ్గర తీసుకోవద్దు. ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు చేతులెత్తేస్తారు.

డబ్బు గురించి రెండు ముక్కలు, ఎందుకంటే ఇక్కడే చాలామంది సెకండ్ హ్యాండ్‌కు టెంప్ట్ అవుతారు. పూర్తిగా తయారై వచ్చే ఖరీదైన దిగుమతి కారు మీద 2025 బడ్జెట్ తర్వాత కస్టమ్స్, సెస్ కలిపి 110 శాతం. అదే ఏడాది సెప్టెంబరు 22 నుంచి దాని మీద జీఎస్టీ 40 శాతం. ఆపైన మన లైఫ్ ట్యాక్స్ ఐదో వంతుకు దగ్గర. అంటే కట్టే డబ్బులో సగానికి పైగా పన్నే. పన్ను అంత ఉన్నచోట ఎగ్గొట్టే దారులు కూడా ఉంటాయి. పుదుచ్చేరి నంబరుతో చవగ్గా దొరికే హురకాన్‌ను తెచ్చుకుంటే అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ తెచ్చి ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. అది కలిపితే "చవక" పోతుంది. దిగుమతి చేసినప్పటి కస్టమ్స్ కాగితం, అదే బిల్ ఆఫ్ ఎంట్రీ, చూడకుండా కొంటే ఇంకా ప్రమాదం. 2025లో భూటాన్ మీదుగా దొంగదారిన వచ్చిన బండ్ల కేసులో కస్టమ్స్ వాళ్లు కేరళలో సినిమా వాళ్ల ఇళ్ల నుంచి కూడా కార్లు పట్టుకుపోయారు. అమ్మినవాడి సంగతి తర్వాత, ముందు బండి పోయేది కొన్నవాడి ఇంటి నుంచే.

పెట్రోలు కూడా చూసుకోవాలి. ఈ ఇంజన్లు ఎక్కువ ఆక్టేన్ (ఇంజన్‌లో కొట్టుకోకుండా మండే గుణం) ఉన్న పెట్రోలు అడుగుతాయి. ఎక్స్‌పీ95 లాంటిది హైవే బంకుల్లో దొరుకుతుంది, 100 ఆక్టేన్ కోసం పెద్ద సిటీకే పోవాలి. ఇంకోటి, ఇప్పుడు పెట్రోల్లో ఇథనాల్ కలిపి అమ్ముతున్నారు, పాత మోడళ్లేమో అది 10 శాతం వరకే తట్టుకునేలా చేసినవి. ఎంత వరకు తట్టుకుంటుందో పెట్రోలు మూత వెనక రాసి ఉంటుంది, డబ్బు కట్టకముందే అది తెరిచి చూడమన్నాను.

అంతా విన్నాక వాడు "హురకాన్ తీసుకుని హైదరాబాద్‌ల పెడితే?" అన్నాడు. పెట్టొచ్చు. పెద్ద అంబర్‌పేట దగ్గర ఓఆర్ఆర్‌కు ఆనుకుని మంచి సెల్లార్ దొరికితే, ఆదివారం పొద్దున ఐదింటికి తీసి ఎనిమిదిలోపు పెట్టేస్తే ఆ కారుకు అంతకంటే మంచి బతుకు లేదు. మిల్లుకు ఎప్పటిలాగే పాత ఇన్నోవాలో పోతాడు. కానీ అప్పుడది వాడు అడిగిన కారు కాదు. రోజూ నడపాలన్న పట్టుదల నిజమే అయితే కొత్త 911 కరేరాయే తీసుకోమన్నాను.

ఆర్డర్ ఇచ్చేటప్పుడు రంగు, సీట్ల కుట్టు, సన్‌రూఫ్ లాంటి ఖర్చులు ఏవైనా తగ్గించుకోవచ్చు. పెద్ద రిమ్ములు అంటగడతారు, వద్దనాలి, మామూలుగా వచ్చే 19, 20 అంగుళాలే ఉంచుకోవాలి. ముందు లిఫ్ట్ మాత్రం ఎంత అదనమైనా రాయించుకోవాలి, ఎందుకంటే బండి వచ్చాక దాన్ని పెట్టించడం అయ్యే పని కాదు.